సయ్యద్ అబ్దుల్ రహీమ్

సయ్యద్ అబ్దుల్ రహీమ్ (1909 ఆగష్టు 17 - 1963 జూన్ 11) హైదరాబాదుకు చెందిన సుప్రసిద్ధ ఫుట్‌బాల్ శిక్షకుడు. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. క్రీడాలోకంలో రహీమ్ సాబ్‌గా పేరొందాడు. ఈయన శిక్షణలో భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణ పతకాలు సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానంలో నిలిచింది. జాతీయ జట్టు విజయాల వలన ఈయన పేరు దేశమంతటా తెలిసినప్పటికీ, ఆ విజయాలకు పునాది పడినది హైదరాబాదు సిటీ పోలీసు జట్టులో. 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు సార్లు రోవర్స్ కప్పు గెలిచిన ఆ జట్టు చరిత్రను, రహీమ్ జీవితాన్ని విడదీసి చెప్పటం కష్టం.

బాల్యం, విద్యాభ్యాసం

రహీమ్ నిజాం పాలనలోని హైదరాబాదు నగరంలో జన్మించాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి పట్టభద్రుడయ్యాడు. ఆ కాలంలో ఉస్మానియాలో బోధన ఉర్దూ మాధ్యమంలో జరిగేది. చదువుకునే రోజులలోనే విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ జట్టులో ఆడి మంచి ఆటగాడిగా గుర్తింపు పొందాడు. తరువాత నగరంలోని స్థానిక లీగ్ పోటీలలో కమర్ క్లబ్ తరఫున ఆడాడు. అయితే ఆటగాడిగా ఈయన కీర్తి నగర పరిధిని పెద్దగా దాటలేదనే చెప్పాలి.

చదువు ముగిశాక ఉపాధ్యాయ వృత్తిలో ప్రవేశించి కాచిగూడ, చాదర్‌ఘాట్ ప్రాంతాలలోని పాఠశాలలతో సహా నగరంలోని పలు పాఠశాలలలో పనిచేశాడు. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా పొందాడు. బడి పిల్లలకు ఆట నేర్పిన ఈ అనుభవమే తరువాతి కాలంలో ఈయన శిక్షణ పద్ధతికి మూలమైంది. పేరుమోసిన ఆటగాళ్ళకు శిక్షణ ఇచ్చేటప్పుడు కూడా ఈయన ఉపాధ్యాయుడి పద్ధతిని విడిచిపెట్టలేదు. పాఠాన్ని చిన్న చిన్న భాగాలుగా విడగొట్టడం, ఒక్కొక్క భాగాన్ని వచ్చేవరకు మళ్ళీ మళ్ళీ చేయించడం, బలహీనంగా ఉన్న అంశంపై ఎక్కువ సమయం వెచ్చించడం - ఇవన్నీ తరగతి గదిలో అలవడినవే.

హైదరాబాదు సిటీ పోలీసు జట్టు

హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు 1939లో ఏర్పడింది. రహీమ్ 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు, మరణించే వరకు ఆ పదవిలో కొనసాగాడు. అదే కాలంలో సిటీ పోలీసు జట్టుకు శిక్షణ బాధ్యత కూడా స్వీకరించాడు. 1943లో బెంగుళూరులో జరిగిన ఆష్ గోల్డ్ కప్ పోటీలో ఈ జట్టు బ్రిటిష్ వైమానిక దళపు జట్టును ఓడించి కప్పు గెలిచింది.  దక్షిణాదిన ఈ జట్టు పేరు అప్పటి నుండి వినిపించసాగింది.

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో విలీనమైంది. ఆ తరువాత రెండేళ్ళకే సిటీ పోలీసు జట్టు దేశంలోని పెద్ద పోటీలన్నింటిలో గట్టి పోటీదారుగా నిలిచింది. అప్పట్లో భారత ఫుట్‌బాల్ అంటే కలకత్తాయే. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్ స్పోర్టింగ్ - ఈ మూడు క్లబ్బులకు ధనబలం, జనబలం రెండూ ఉండేవి. దేశం నలుమూలల నుండి మంచి ఆటగాళ్ళు అక్కడికే చేరేవారు. హైదరాబాదు పోలీసు జట్టుకు ఉన్న అనుకూలత వేరు. ఆటగాళ్ళందరూ ఒకే శాఖలో ఉద్యోగులు. ఏడాది పొడుగునా ఒకే శిక్షకుడి వద్ద, ఒకే నగరంలో సాధన చేసేవారు. ఉద్యోగ భద్రత ఉన్నందున చాలామంది ఏళ్ళ తరబడి జట్టును అంటిపెట్టుకొని ఉండేవారు. కాబట్టి ప్రతి ఏడాది పోటీల కాలం మొదలయ్యేసరికి కలకత్తా క్లబ్బులు కొత్త ఆటగాళ్ళను కలుపుకొనే పనిలో ఉంటే, పోలీసు జట్టు కలిసి ఆడటం అలవాటైన పదకొండు మందితో బరిలోకి దిగేది. ఈ జట్టు విజయాలకు వ్యక్తుల ప్రతిభ కంటే ఈ కలివిడి ఆటే ప్రధాన కారణమని భావించవచ్చు.

బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును ఈ జట్టు 1950, 1951, 1952, 1953, 1954 సంవత్సరాలలో వరుసగా గెలిచింది. 1891లో ప్రారంభమైన ఆ పోటీ చరిత్రలో మరే జట్టూ వరుసగా ఐదు సార్లు గెలవలేదు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఆగిపోయిన డ్యూరాండ్ కప్పు 1950లో ఢిల్లీలో తిరిగి మొదలైనప్పుడు, ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించి దానిని కూడా సిటీ పోలీసు జట్టే అందుకొంది. 1952 డ్యూరాండ్ ఫైనల్లో ఈస్ట్ బెంగాల్ చేతిలో ఓడినా 1954లో మళ్ళీ గెలిచింది. 1956 ఫైనల్లో తిరిగి ఈస్ట్ బెంగాల్ చేతిలోనే ఓడి, మరుసటి ఏడాది ఫైనల్లో అదే జట్టును ఓడించి బదులు తీర్చుకొంది. ఆ 1957లోనే రోవర్స్ కప్పు కూడా దక్కింది. ఈ విధంగా 1950, 1954, 1957 - మూడు పర్యాయాలు రెండు కప్పులూ ఒకే ఏడాది హైదరాబాదుకు చేరాయి.

నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్ మొదలైన ఆటగాళ్ళు ఈ విజయాలలో ముఖ్యులు. వీరు భారత జట్టుకు కూడా ఆడారు.

శిక్షణ పద్ధతి

రహీమ్ కాలంలో భారతీయ ఆటగాళ్ళు బంతిని కాలి వద్దనే ఉంచుకొని ప్రత్యర్థులను ఒక్కొక్కరినీ తప్పించుకుంటూ పోవటాన్ని, అనగా డ్రిబ్లింగును, గొప్పగా భావించేవారు. ప్రేక్షకులు కూడా దానికే చప్పట్లు కొట్టేవారు. రహీమ్ ఈ ధోరణికి విరుగుడుగా డ్రిబ్లింగ్ నిషిద్ధమైన పోటీలను నిర్వహించాడు. ఆ పోటీలలో బంతి అందిన వెంటనే తోటి ఆటగాడికి అందించవలసిందే. ఆ విధంగా బంతి రాకముందే తన వారు ఎక్కడ ఉన్నారో చూసుకొనే అలవాటు ఆటగాళ్ళకు కలిగింది. అదే రీతిలో బలహీనమైన కాలితో మాత్రమే ఆడే పోటీలు పెట్టాడు. కుడికాలి వాటం ఉన్నవారు ఎడమకాలితోను, ఎడమకాలి వాటం ఉన్నవారు కుడికాలితోను ఆడాలి. వీటికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. ఒక మైదానం, ఒక బంతి ఉంటే చాలు. పేద జట్లు కూడా అనుసరించగలిగిన పద్ధతి కావటం దీనిలోని విశేషం.

వ్యూహ విషయంలో రహీమ్ తన కాలపు ప్రపంచ ఫుట్‌బాల్‌ను శ్రద్ధగా గమనించేవాడు. 1953లో హంగరీ జట్టు లండన్‌లోని వెంబ్లీ మైదానంలో ఇంగ్లండును 6-3 తేడాతో ఓడించింది. ఆ ఆటలో హంగరీ సెంటర్ ఫార్వర్డు హిదెగ్‌కుటి ప్రత్యర్థి గోలు ముందు నిలబడకుండా వెనుకకు జరిగి మధ్య భాగంలో ఆడాడు. అతనిని వెంబడించాలా, తమ స్థానంలోనే ఉండాలా అన్నది ఇంగ్లండు రక్షకులకు తేలలేదు. రహీమ్ ఈ పద్ధతిని భారత ఆటగాళ్ళకు నేర్పాడు. నలుగురు రక్షకులు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు ఉండే 4-2-4 వ్యూహం 1958 ప్రపంచ కప్పులో బ్రెజిల్ విజయంతో లోకప్రసిద్ధమైంది. దానికి దగ్గరగా ఉన్న ఆటను అంతకు ముందే భారత జట్టుతో ఆడించిన ఘనత రహీమ్‌కు దక్కుతుంది.

ఆటగాళ్ళను గుర్తించటంలోనూ ఈయనది ప్రత్యేక దృష్టి. సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బాలరామ్ పేద కుటుంబానికి చెందినవాడు. నగరంలో సాధనకు రావటానికి అతని వద్ద డబ్బు ఉండేది కాదు. రహీమ్ అద్దె సైకిలుకు రోజుకు ఒక రూపాయి ఇచ్చి అతనిని రప్పించాడని చెబుతారు. ఆ యువకుడు 1956లో హైదరాబాదు జట్టుకు, అదే ఏడాది ఒలింపిక్ జట్టుకు ఎంపికయ్యాడు. తరువాత భారతదేశపు అత్యుత్తమ ముందు వరుస ఆటగాళ్ళలో ఒకడయ్యాడు.

సంతోష్ ట్రోఫీ

రాష్ట్రాల జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీలో హైదరాబాదు జట్టు 1949-50, 1950-51 పోటీల ఫైనల్లో బెంగాల్ చేతిలో ఓడింది. 1956-57లో తిరువనంతపురంలో బొంబాయి జట్టును ఓడించి మొదటిసారి ట్రోఫీ గెలిచింది. 1957-58లో స్వంత నగరంలో మళ్ళీ బొంబాయినే ఓడించి దానిని నిలబెట్టుకొంది. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రం రద్దై ఆంధ్రప్రదేశ్ ఏర్పడినది. అంటే పటంలో లేని రాష్ట్రం పేరుతో ఈ జట్టు జాతీయ విజేతగా నిలిచిందన్నమాట! కొంత కాలానికి పోలీసు జట్టు పేరు కూడా ఆంధ్ర పోలీసుగా మారింది.

భారత జట్టు శిక్షకుడిగా

1951 మార్చిలో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో భారత జట్టుకు రహీమ్ శిక్షకుడు. ఇండోనేషియా, ఆఫ్ఘనిస్తాన్ జట్లను ఓడించిన భారత్, ఫైనల్లో మేవాలాల్ చేసిన ఏకైక గోలుతో ఇరాన్‌పై గెలిచి స్వర్ణం సాధించింది.

మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో ఎదురైన పరాభవం ఇంతా అంతా కాదు. 1952 జూలై 15న యుగోస్లావియా 10-1 తేడాతో భారత్‌ను ఓడించింది. చలి దేశంలో, తడి మైదానంలో మన ఆటగాళ్ళు పలువురు బూట్లు లేకుండా ఆడారు. ఈ ఓటమి తరువాత భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు ధరించటాన్ని తప్పనిసరి చేసింది. ఓటమిని బూట్లకే ఆపాదించటం మాత్రం సరికాదు. యుగోస్లావియా ఆ ఒలింపిక్స్‌లో రజత పతకం పొందిన జట్టు. వేగంలోను, శారీరక దారుఢ్యంలోను, వ్యూహంలోను రెండు జట్లకూ ఎంతో అంతరం ఉంది. తరువాతి నాలుగేళ్ళు రహీమ్ కృషి ఈ అంతరాన్ని తగ్గించటానికే వినియోగమైంది.

దాని ఫలితం 1956లో మెల్‌బోర్న్‌లో కనిపించింది. హంగరీ పోటీ నుండి తప్పుకోవటంతో భారత్ నేరుగా క్వార్టర్ ఫైనల్ చేరింది. డిసెంబరు 1న ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2 తేడాతో ఓడించింది. ఆ ఆటలో నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేసి, ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ సాధించిన మొదటి ఆసియా ఆటగాడయ్యాడు. సెమీ ఫైనల్లో నాలుగేళ్ళనాటి యుగోస్లావియాయే మళ్ళీ ఎదురైంది. మొదటి గోలు భారతే చేసింది, కానీ చివరకు 4-1తో ఓడింది. కాంస్య పతక పోటీలో బల్గేరియా చేతిలో 3-0 తేడాతో ఓడి నాలుగవ స్థానంతో సరిపెట్టుకొంది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్‌కు నేటికీ ఇదే అత్యుత్తమ స్థానం. ఈ జట్టులో బాలరామ్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, అహ్మద్ హుస్సేన్, గోల్‌కీపరు పీటర్ తంగరాజ్ వంటి హైదరాబాదు, సికింద్రాబాదు మైదానాలలో ఎదిగిన వారు పలువురు ఉండటం గమనార్హం.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో భారత్ గ్రూపు దశ దాటలేదు. హంగరీ చేతిలో 2-1తో, పెరూ చేతిలో 3-1తో ఓడింది. ఫ్రాన్సుతో 1-1తో ఆట సమం చేసింది. హంగరీ, పెరూ జట్లపై భారత గోల్స్ రెండూ బాలరామ్ చేసినవే. ఆ తరువాత భారత పురుషుల ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్‌కు మళ్ళీ అర్హత పొందలేదు.

జకార్తా, 1962

1962 ఆసియా క్రీడల నాటికి రహీమ్ ఊపిరితిత్తుల క్యాన్సరుతో బాధపడుతున్నాడు. అయినా జట్టుతో పాటు జకార్తా వెళ్ళాడు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0 తేడాతో ఓటమి ఎదురైంది. తరువాత థాయిలాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో ఓడించి జట్టు సెమీ ఫైనల్ చేరింది. థాయిలాండ్‌తో ఆటలో రక్షణ వరుసకు మూలస్తంభం వంటి జర్నైల్ సింగ్ తలకు గాయమైంది. కుట్లు పడిన తలతో అతనిని వెనుక వరుసలో ఆడించటం ప్రమాదం. పూర్తిగా పక్కన పెడితే జట్టు బలం తగ్గుతుంది. రహీమ్ అతనిని సెంటర్ ఫార్వర్డుగా ముందుకు పంపాడు. జర్నైల్ సింగ్ కాలేజీ రోజులలో ఆ స్థానంలో ఆడినవాడే. దక్షిణ వియత్నాంపై 3-2తో గెలిచిన సెమీ ఫైనల్లో అతను ఒక గోలు చేశాడు.

ఇదిలా ఉండగా మైదానం వెలుపల పరిస్థితి విషమించింది. ఇజ్రాయిల్, తైవాన్ క్రీడాకారులను ఇండోనేషియా రానివ్వకపోవటాన్ని ఆసియా క్రీడల సమాఖ్యకు చెందిన భారతీయ ప్రముఖుడు జి.డి. సోంధీ విమర్శించటంతో జకార్తా ప్రజలలో భారత్ పట్ల ఆగ్రహం వ్యక్తమైంది. సెప్టెంబరు 4న దక్షిణ కొరియాతో జరిగిన ఫైనలుకు లక్ష మంది దాకా ప్రేక్షకులు వచ్చారు. వారిలో అధిక భాగం భారత్‌కు వ్యతిరేకంగా అరిచినవారే. పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళు మాత్రం భారత్‌ను ప్రోత్సహించటం ఆ రోజు విశేషాలలో ఒకటి. జ్వరం నుండి కోలుకున్న తంగరాజ్‌ను రహీమ్ తిరిగి గోల్‌కీపరుగా దించాడు. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ, 20వ నిమిషంలో జర్నైల్ సింగ్ గోల్స్ చేశారు. కొరియా ఒక గోలు మాత్రమే తిరిగి ఇవ్వగలిగింది. చునీ గోస్వామి నాయకత్వంలోని భారత జట్టు 2-1 తేడాతో స్వర్ణ పతకం గెలిచింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు అది రెండవ స్వర్ణం. ఆ తరువాత మరొకటి రాలేదు.

మరణం

జకార్తా నుండి తిరిగి వచ్చాక రహీమ్ ఆరోగ్యం క్షీణించింది. 1963 జూన్ 11న మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు.

ఈయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీమ్ 1960 రోమ్ ఒలింపిక్ జట్టులో సభ్యుడు. వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడరుగా పనిచేశాడు, ఫిఫా గుర్తింపు పొందిన రిఫరీగా వ్యవహరించాడు. 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం పొందిన హకీమ్ 2021 ఆగష్టులో మరణించాడు.

రహీమ్ అనంతరం హైదరాబాదు ఫుట్‌బాల్

రహీమ్ జీవించి ఉండగా పోలీసు జట్టు 1950, 1951, 1952, 1953, 1954, 1957, 1960 సంవత్సరాలలో రోవర్స్ కప్పు గెలిచింది. 1962లో ఈస్ట్ బెంగాల్‌తో కలిసి సంయుక్త విజేతగా నిలిచింది. డ్యూరాండ్ కప్పును 1950, 1954, 1957, 1961లలో గెలిచింది. ఈ లెక్కన పదమూడేళ్ళలో దేశపు రెండు పెద్ద కప్పులు పన్నెండు సార్లు ఈ జట్టుకు వచ్చాయి. ఆయన మరణించిన 1963లో కూడా ఆంధ్ర పోలీసు జట్టు రోవర్స్ కప్పు గెలిచింది. అదే ఏడాది డ్యూరాండ్ ఫైనల్ చేరి మోహన్ బగాన్ చేతిలో ఓడింది. ఆ తరువాత ఈ రెండు కప్పులలో ఏదీ ఆ జట్టుకు మళ్ళీ దక్కలేదు. రాష్ట్ర స్థాయిలో ఆంధ్రప్రదేశ్ 1965-66లో సంతోష్ ట్రోఫీ గెలిచింది.

ఈ పతనాన్ని ఒక్క మనిషి మరణానికే ముడిపెట్టడం అతిశయోక్తి అవుతుంది. కలకత్తా వలస ఆయన ఉన్నప్పుడే మొదలైంది. బాలరామ్ 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళాడు. 1960ల మధ్యలో సయ్యద్ నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్ కూడా అదే బాట పట్టి అక్కడే పేరు తెచ్చుకున్నారు. 1970 బాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్యం గెలిచిన భారత జట్టుకు నయీముద్దీన్ నాయకుడు. అయితే రహీమ్ కాలంలో ఒక ఆటగాడు వెళ్ళిపోతే, నగరంలోని బడులు, చిన్న క్లబ్బుల నుండి మరొకడు తయారై ఉండేవాడు. సంఘం కార్యదర్శి, పోలీసు జట్టు శిక్షకుడు, బడి పంతులు - ముగ్గురూ ఒకే వ్యక్తి కావటం వలన పిల్లవాడిని గుర్తించటం మొదలు పెద్ద జట్టులోకి చేర్చటం వరకు అంతా ఒకే చేతి మీదుగా సాగింది. ఆ మూడు పనులు తరువాత మళ్ళీ ఒక్కచోట కలవలేదు. మరో రహీమ్ కోసం ఎదురుచూడటం కంటే అటువంటి ఏర్పాటును నిలబెట్టుకొనే సంస్థ లేకపోవటమే అసలు లోటు.

ఈ నగరం పేరుతో జాతీయ స్థాయి కప్పు మళ్ళీ వచ్చింది 2022 మార్చిలో. ఆ నెల గోవాలో జరిగిన ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్లో హైదరాబాద్ ఎఫ్.సి. కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించింది. ఇది పోలీసు జట్టు వంటిది కాదు. 2019లో ఏర్పడి, పలు రాష్ట్రాల, దేశాల ఆటగాళ్ళతో కూడిన వృత్తి క్లబ్బు.

గుర్తింపు

శిక్షకులకు ఇచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో, రహీమ్ మరణించిన 22 ఏళ్ళకు ప్రారంభమైంది. ఆయన నగరానికే చెందిన నయీముద్దీన్‌కు 1990లో ఆ పురస్కారం లభించింది.

రహీమ్ జీవితం ఆధారంగా అమిత్ శర్మ దర్శకత్వంలో మైదాన్ అనే హిందీ చలనచిత్రం 2024 ఏప్రిల్‌లో విడుదలైంది. అజయ్ దేవగణ్ రహీమ్ పాత్ర పోషించాడు. చిత్రం ప్రధానంగా 1952 నుండి 1962 వరకు జాతీయ జట్టు కథను చెబుతుంది. రోవర్స్, డ్యూరాండ్ విజయాలు తెలియనివారికి ఆ చిత్రం చూస్తే రహీమ్ పేరు హెల్సింకితోనే మొదలైనట్లు అనిపించవచ్చు. హెల్సింకి వెళ్ళేనాటికే ఆయన జట్టు వరుసగా రెండు రోవర్స్ కప్పులు, ఒక డ్యూరాండ్ కప్పు గెలిచి ఉంది. ఆ ఏడాది ఒలింపిక్ ఓటమి తరువాత కూడా సిటీ పోలీసు జట్టు బొంబాయి వెళ్ళి మూడవ రోవర్స్ కప్పుతో తిరిగి వచ్చింది.